సున్న పెట్టడం తెలిసినవాడే సెట్టరు

బాలానగర్ షెడ్లలో మెదక్ పల్లెల కుర్రవాళ్ల కొత్త చేతిపని

నర్సాపూర్: తెల్లవారుజామున మెదక్ వైపు నుంచి నర్సాపూర్, దుండిగల్, గండిమైసమ్మ మీదుగా హైదరాబాద్ పోయే బస్సుల్లో టిఫిన్ డబ్బాలతో ఎక్కే కుర్రవాళ్లను ఈ దారి పొడుగునా ఊళ్లవారు ఎరుగుదురు. జీడిమెట్లలో కొందరు, బాలానగర్‌లో కొందరు దిగిపోతారు. ఏం పని చేస్తున్నావని ఇంట్లో అడిగితే "మిషను మీద" అంటారు. అంతకు మించి పెద్దలు అడగరు, వాళ్లూ చెప్పరు. చెప్పినా అర్థం కాని పని అనే అభిప్రాయం రెండు వైపులా వున్నది.

నిజానికి అది రైతుకు గాని, వడ్రంగికి గాని అర్థం కాని పనేమీ కాదు.

ఆ మిషను పేరు సి.ఎన్.సి. మిల్లింగ్ యంత్రం. నిలువుగా పనిచేసే రకాన్ని షెడ్లలో వి.ఎం.సి. అంటారు. చూడటానికి తలుపుల గది మాదిరిగా వుంటుంది. లోపల ఒక ఇనుప బల్ల, బల్ల మీద వైసు, వైసులో బిగించిన ముక్క. ఆ ముక్కనే 'జాబు' అంటారు. పైనుంచి స్పిండిలు దిగివస్తుంది. దాని ముక్కుకు పట్టిన టూలు గిరగిర తిరుగుతూ జాబును చెక్కుతుంది. ఒక టూలు పని అయిపోగానే యంత్రమే దాన్ని వదిలేసి పక్కనున్న చక్రంలోంచి ఇంకొకటి అందుకుంటుంది. ఇరవై, ఇరవైనాలుగు టూళ్లు పట్టే చక్రాలు మామూలు. అంతా కంప్యూటరులో రాసిపెట్టిన ప్రోగ్రాము ప్రకారం జరిగిపోతుంది.

ఇంత పని చేసే యంత్రానికి కళ్లు లేవు. తన లోపల వైసు ఎక్కడ వున్నదో, జాబు ఎంత ఎత్తున్నదో, ముక్కుకు పట్టిన టూలు జానెడు పొడుగున్నదో బెత్తెడున్నదో దానికి తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: తన సొంత ఇల్లు. పవరు ఇచ్చాక అన్ని దిక్కులా చివరికి పోయి ఆగే ఒక చోటున్నది. అక్కడి నుంచి ఎంత దూరం కదిలిందో మాత్రం మిల్లీమీటరులో వెయ్యోవంతు వరకు లెక్కపెట్టుకోగలదు. మిగతాదంతా మనిషి చెప్పాలి. ఆ చెప్పేవాడే సెట్టరు.

షెడ్డులో రెండు రకాల మనుషులుంటారు. జాబు పెట్టి, తలుపు మూసి, పచ్చబటను నొక్కి, అయిపోయాక తీసి డబ్బాలో వేసేవాడు ఆపరేటరు. కొత్త జాబు వచ్చినప్పుడు వైసు సరిచేసి, సున్నలు పెట్టి, టూళ్ల పొడవులు ఎక్కించి, మొదటి ముక్క కొలతకు వచ్చేదాకా నిలబడేవాడు సెట్టరు. ఊళ్లో ఇద్దరూ "మిషను మీద" పనిచేసేవారే. షెడ్డులో మాత్రం జీతం వేరు, మాట చెల్లుబాటు వేరు. మన పిల్లల్లో ఎక్కువమంది మొదటి రకంలోనే ఏళ్లకేళ్లు నిలిచిపోతున్నారు.

హద్దురాయి, గొలుసు

జాబు ఎక్కడున్నదో చెప్పడాన్ని 'వర్క్ ఆఫ్‌సెట్' అంటారు. పొలం సర్వే చూసినవారికి ఇది కొత్త కాదు. సర్వేయరు గొలుసు ఎంత మంచిదైనా, మొదలుపెట్టిన హద్దురాయి నాలుగు గజాలు జరిగివుంటే కొలిచిన చెలకంతా నాలుగు గజాలు జరుగుతుంది. లోపలి కొలతలన్నీ సరిగానే వుంటాయి, కాని పొలం పక్కవాడి గట్టులోకి పోతుంది. యంత్రం దగ్గరా అంతే. ప్రోగ్రాములో "సున్న నుంచి నలభై మిల్లీమీటర్ల దూరంలో రంధ్రం వెయ్యి" అని వుంటుంది. ఆ సున్న జాబు ఎడమ అంచా, నడిమధ్యా, వైసు దవడా అన్నది సెట్టరు పెట్టినదాన్నిబట్టి వుంటుంది. సాధారణంగా యంత్రంలో ఇలాంటి హద్దురాళ్లు ఆరు పాతుకోవచ్చు. వాటికి జి54 నుంచి జి59 వరకు పేర్లు. రెండు వైసులు పెడితే ఒకదానికి జి54, రెండోదానికి జి55 వాడుకుంటారు.

రాయి పాతడానికి ముందు నేల సరిచేయాలి. వైసు కింద, ప్యారలల్ పట్టీల కింద బూరు లేకుండా గుడ్డతో తుడవాలి. వెంట్రుకంత బూరు చిక్కినా జాబు ఒక పక్క లేచివుంటుంది. వైసు కదలని దవడ వెంట డయలు నడిపి ముల్లు కదలకుండా వచ్చేదాకా చిన్న సుత్తితో తట్టుతూ సరిచేయాలి. వైసు వంకర వుంటే ఎంత మంచి సున్న పెట్టినా జాబు వంకరే వస్తుంది. కొత్తవాళ్లకు విసుగు పుట్టేది ఇక్కడే. పాతవాళ్లు గంటలో సగం ఇక్కడే గడుపుతారు.

తరువాత ఎడ్జ్ ఫైండరు. ఇది చూడముచ్చటైన పనిముట్టు. వేలెడంత కడ్డీ, లోపల స్ప్రింగు, కింద కొస ముక్క విడిగా కదులుతుంది. స్పిండిలులో పట్టి నిమిషానికి ఐదారు వందల చుట్లు తిప్పితే కొస గుండ్రంగా ఊగుతుంది. చేతి చక్రంతో మెల్లగా జాబు పక్కకు తెస్తే, తగిలిన కొద్దీ ఊగడం తగ్గి, ఒక చోట కదలనట్టే నిలబడుతుంది. ఇంకొక నూరోవంతు ముందుకు తెస్తే చటుక్కున పక్కకు జారుతుంది. ఆ జారిన క్షణమే అంచు దొరికినట్టు.

కాని అప్పుడు స్పిండిలు నడిమధ్య జాబు అంచు మీద లేదు. కొస మందం పది మిల్లీమీటర్లయితే, అందులో సగం, అంటే ఐదు మిల్లీమీటర్లు అవతల వున్నది. ఈ ఐదును లెక్కలో కలపడం మరచినవాడు జాబునంతా ఐదు మిల్లీమీటర్లు జరిపినట్టు. కలిపినా, మైనసు వేయవలసిన చోట ప్లస్సు వేస్తే పది మిల్లీమీటర్లు జరుగుతుంది. ఎడమ అంచు తాకినప్పుడు తాను సున్నకు ఎడమ వైపున్నాడు కనుక మైనసు ఐదు. దీన్ని నోటితో అనుకుంటూ బటను నొక్కే సెట్టర్లు వున్నారు. అలా అనుకోవడం చిన్నతనం కాదు.

గడ్డపార, కొడవలి

ఇక టూళ్ల పొడవు. గడ్డపార చేతిలో వుంటే నిలబడే నేల తాకించవచ్చు. కొడవలి చేతిలో వుంటే నడుము వంచాలి. చేతికీ నేలకూ మధ్య దూరం పనిముట్టును బట్టి మారుతుంది. మనిషికి కళ్లున్నాయి గనుక ఎంత వంగాలో ఎవరూ చెప్పనక్కరలేదు. స్పిండిలుకు చెప్పాలి. ఒకటో నంబరు టూలు తొంభై మిల్లీమీటర్లు, రెండో నంబరు డ్రిల్లు నూట అరవై, మూడోది నూట ఇరవై ఎనిమిది, ఇలా ప్రతి టూలు పొడవూ కొలిచి పట్టికలో ఎక్కించాలి. ప్రోగ్రాములో జి43 అనీ, పక్కన హెచ్ నంబరూ వున్న చోట యంత్రం ఆ పట్టిక చూసి ఎంత దిగాలో తేల్చుకుంటుంది.

కొలిచే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ వున్నాయి. పెద్ద కంపెనీలలో దీనికి ప్రీసెట్టర్ అనే వేరే పరికరం వుంటుంది. చిన్న షెడ్లలో యంత్రం మీదే కొలుస్తారు. బల్లపై ఒక గేజి దిమ్మె పెట్టి, టూలు లేని ఖాళీ ముక్కును దానికి తాకించి తెరమీద సున్న చేసుకుంటారు. తరువాత ఒక్కొక్క టూలును పట్టి అదే దిమ్మెకు తాకిస్తే తెరమీద కనిపించే అంకే ఆ టూలు పొడవు.

తాకించడంలోనే చేతిపని వున్నది. కార్బైడు టూలు అంచు గాజు మాదిరి. దిమ్మె మీదికి దించుతూ పోతే ఒక్క మెట్టు ఎక్కువైనా అంచు రాలుతుంది. అందుకని దించుతూ తాకించరు. పది మిల్లీమీటర్ల నున్నని రోలరును దిమ్మె మీద పెట్టి, రోలరు పక్కన టూలును దాని ఎత్తు కంటే కాస్త కిందికి తెస్తారు. తరువాత చేతి చక్రంతో నూరోవంతు చొప్పున పైకి లేపుతూ రోలరును వేలితో నెడుతుంటారు. అది టూలు కింద నుంచి జస్ట్ దాటిపోయిన చోట ఆగిపోతారు. రోలరు పదిని లెక్కలోంచి తీసేస్తారు. పూర్వం కాగితం ముక్క పెట్టి తాకించేవారు. ఇప్పటికీ తొందరలో కొందరు అదే చేస్తారు. మామూలు రాత కాగితం మందం మిల్లీమీటరులో సుమారు పదోవంతు గనుక ముతక పనికి సరిపోతుంది గాని మంచి పనికి చాలదు.

చేతి చక్రానికి మూడు మెట్లున్నాయి. ఒక్క క్లిక్కుకు వెయ్యోవంతు, నూరోవంతు, పదోవంతు. పదోవంతు మీద పెట్టి దూరం నుంచి తెచ్చి, దగ్గరకు వచ్చాక మార్చడం మరచిపోతే ఒక్క క్లిక్కుతో టూలు పోతుంది. ఇది జరగని షెడ్డు వుండదు.

ఇంకో పద్ధతిలో టూలు పొడవు కొలవరు. ప్రతి టూలునూ నేరుగా జాబు మీదికే తాకించి, ఇంటి నుంచి అక్కడికి ఎంత దిగిందో ఆ దూరాన్ని మైనసు అంకెగా ఎక్కిస్తారు. అదీ సరైనదే. కాని ఒక షెడ్డులో పగటి సెట్టరు ఒక పద్ధతి, రాత్రి సెట్టరు ఇంకో పద్ధతి పట్టుకుంటే మాత్రం ప్రమాదం పొంచివున్నట్టే.

ఒక రాత్రి జరిగింది

నర్సాపూర్ దగ్గరి ఒక పల్లె రైతు కొడుకు, ఇరవైమూడేళ్లవాడు, బాలానగర్‌లోని ఒక షెడ్డులో రెండేళ్లుగా ఆపరేటరు. సెట్టరు కావాలని అతని పట్టుదల. పగలంతా సిద్దిపేట వైపు నుంచి వచ్చిన పెద్ద సెట్టరు వెంట వుండి చూస్తూ నేర్చుకున్నాడు. ఒక రాత్రి డ్యూటీలో జాబు లోతు మిల్లీమీటరులో ఐదు నూరోవంతులు తక్కువ వచ్చింది. సరిచేయడం చిన్న పనే. మూడో నంబరు టూలు పొడవు 128.350 అని పట్టికలో వున్నది. అందులోంచి 0.050 తగ్గిస్తే టూలు ఆ మేరకు ఇంకా కిందికి దిగుతుంది. అతను మైనసు 0.05 అని కొట్టాడు. అక్కడిదాకా తప్పు లేదు.

ఆ తెర కింద రెండు బటన్లున్నాయి. ఒకటి నొక్కితే కొట్టిన అంకె పాతదానికి కలుస్తుంది. రెండోది నొక్కితే పాత అంకె పోయి కొత్తదే నిలుస్తుంది. రెంటి పేర్లకు మధ్య తేడా ముందున్న ఒక్క ప్లస్సు గుర్తు. నిద్ర కళ్లతో అతను రెండోది నొక్కాడు. నూట ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లున్న టూలు పొడవు పట్టికలో సున్న కంటే తక్కువైంది. తన ముక్కుకు టూలే లేదని యంత్రం నమ్మింది. జాబుకు యాభై మిల్లీమీటర్ల పైన ఆగమని ప్రోగ్రాము చెబితే ముక్కును ఆ ఎత్తుకు తీసుకుపోవడానికి ఒక్క ఊపున దిగింది. టూలు మాత్రం ముక్కు కంటే నూట ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు ముందున్నది.

తలుపు మూసివుండటం వల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. టూలు ముక్కలైంది. పట్టే హోల్డరు వంగింది. వైసు దవడకు సొట్ట పడింది. తెల్లవారి స్పిండిలులో టెస్టు కడ్డీ పెట్టి డయలు ఆనించి తిప్పితే ముల్లు నిలువలేదు. లోపలి బేరింగులు దెబ్బతిన్నాయి. బ్యాంకు అప్పు మీద కొన్న మిషను చాలారోజులు ఆగిపోయింది. యజమాని కోపంతో మళ్లీ మిషను దగ్గరకు రావద్దన్నాడు. కుర్రవాడు ఊరికి వచ్చి ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. సెలవు అన్నాడు.

మిషను బాగయిన రోజున పెద్ద సెట్టరే ఫోను చేసి పిలిపించాడు. యజమానికి ఏం చెప్పి ఒప్పించాడో తెలియదు.

"తమ్మీ, మూడో నంబరు టూల్ నువ్వే పెట్టు."

"అన్నా, నాతోని కాదు."

"నీతోని కాకుంటే ఇంకెవరితోని అయితది? తప్పు ఎక్కడ పడ్డదో ఈ షెడ్డుల నీకే ఎరుక."

ఆ రోజు సగం పూట రోలరు దొర్లించడానికే సరిపోయిందట. పొడవు మూడుసార్లు తీయించాడు. మూడింటికీ నూరోవంతు లోపే తేడా వచ్చేదాకా పట్టికలో ఎక్కించనివ్వలేదు.

ఈ తప్పు అతనొక్కడిది అనడం న్యాయం కాదు. చిన్న సర్దుబాట్ల కోసం పట్టికలో అరుగుదల కాలమ్ విడిగా వుంటుంది. అసలు పొడవును ముట్టకుండా దాంట్లోనే కలుపుకోవాలి. కొన్ని కంట్రోళ్లలో ఇంతకు మించిన అంకె ఎక్కనివ్వకుండా కట్టడి పెట్టుకునే వీలూ వున్నది. ఆ షెడ్డులో ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. రాత్రి పూట ఒక్క కుర్రవాణ్ణి రెండు మిషన్ల మీద వదిలి, మొదటి జాబు సరిచూసే మనిషిని పెట్టని యజమానులు తప్పు బటను గురించి మాత్రం గట్టిగా మాట్లాడతారు.

పెద్ద సెట్టరు తరువాత నేర్పిన పద్ధతి ఎవరికైనా పనికివస్తుంది. పొడవు గాని, సున్న గాని మారిస్తే మొదటి ముక్క పచ్చబటను మీద వదలకూడదు. ఒక్కొక్క వరుస చొప్పున నడిపే స్విచ్చి వేయాలి. వేగం బాగా తగ్గించాలి. బొటనవేలు ఆపే బటను మీద వుండాలి. టూలు జాబుకు జానెడు పైన వుండగా ఆపి, తెరమీద 'ఇంకా పోవలసిన దూరం' చూడాలి. ఆ అంకె ఎనభై అంటుంటే, కంటికి టూలుకూ ఆగవలసిన చోటుకూ మధ్య ఎనభై కనిపించాలి. నమ్మకం లేకపోతే స్కేలు పెట్టి చూడాలి. ఆ రాత్రి ఈ ఒక్కటి చేసివుంటే అంకె ఒకటి, కన్ను ఒకటి చెప్పేవి.

హెచ్ నంబరు మారిపోవడం కూడా మామూలుగా జరిగేదే. మూడో టూలుకు రెండో నంబరు పొడవు రాసివుంటే, రెండింటి పొడవుల తేడా ఎంతో అంత మేరకు తప్పు దిగుతుంది. కోలెట్‌లో సరిగా బిగియని కట్టరు పని మధ్యలో తనంతట తానే కిందికి లాక్కుని వస్తుంది. అప్పుడు పట్టికలో అంకె సరైనదే, టూలు అబద్ధం. అరిగిన టూలు మార్చినప్పుడు మళ్లీ కొలవాలి. "అదే సైజు కదా" అనుకోరాదు.

ఎండాకాలం సంగతి వేరు. రేకుల షెడ్డులో పొద్దున పెట్టిన సున్న మధ్యాహ్నానికి అక్కడే వుండదు. ఉక్కు మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి వెయ్యోవంతు మిల్లీమీటర్లు సుమారు పన్నెండు సాగుతుంది. ముప్ఫై సెంటీమీటర్ల ఉక్కు జాబు పది డిగ్రీలు వేడెక్కితే మూడున్నర నూరోవంతులు పెరిగినట్టే. అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది. స్పిండిలు కూడా తిరిగీ తిరిగీ వేడెక్కి కిందికి పెరుగుతుంది. అందుకని పొద్దున్నే మిషనును కాసేపు ఖాళీగా తిప్పి ఆ తరువాతే సున్న పెట్టేవారు తెలివైనవారు.

అంకెలతో నడిచే మిషను

ఈ విద్యకు డెబ్బై ఏళ్లు దాటాయి. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో హెలికాప్టరు రెక్కల పని చేసే జాన్ పార్సన్స్ అనే ఆయన, చేతి కొలతలతో ఆ వంపులు సరిగా రాక అంకెలతో మిషను నడపాలని ఆలోచించాడు. ఎం.ఐ.టి. సంస్థవారు ఆ దారిలో పనిచేసి 1952లో చిల్లుల కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని లోకానికి చూపారు. కాగితపు టేపు పోయి కంప్యూటరు వచ్చింది. సున్న పెట్టే పని మాత్రం పోలేదు. ఇప్పుడు ఖరీదైన మిషన్లలో ఎర్రని కెంపు గుండు కొసకు బిగించిన ప్రోబు వస్తున్నది. అదే జాబును తాకి సున్న పెట్టుకుంటుంది. ఆ ప్రోబు సరిగా తాకుతున్నదో లేదో మళ్లీ సెట్టరే చూడాలి.

నేర్చుకోవాలనుకునే పిల్లలకు దారులు లేకపోలేదు. ఐ.టి.ఐ.లో మెషినిస్టు ట్రేడు రెండేళ్లు. బాలానగర్‌లోనే 1968లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వున్నది. అక్కడ అచ్చులు, టూళ్ల తయారీలో డిప్లొమాతో పాటు సి.ఎన్.సి. కోర్సులు కూడా నేర్పుతారు. వీధివీధినా వెలసిన ప్రైవేటు శిక్షణ కేంద్రాల సంగతి మాత్రం తల్లిదండ్రులు చూసుకోవాలి. కొన్నిచోట్ల కంప్యూటరు తెరమీద బొమ్మ మిషను చూపి ప్రోగ్రాము రాయించి సర్టిఫికేటు ఇచ్చి పంపుతున్నారు. ఆ పిల్లవాడు షెడ్డుకు పోతే మొదటి రోజే ఎడ్జ్ ఫైండరు చేతికిచ్చి అంచు పట్టమంటారు. ఫీజు కట్టకముందు అడగవలసినది ఒకటే: నిజమైన మిషను మీద చేతి చక్రం ఎన్ని గంటలు పిల్లవాడి చేతికి ఇస్తారు, విరిగిన టూలు ఖర్చు ఎవరిది అని.

ఆ నర్సాపూర్ వైపు కుర్రవాడు ఇప్పుడు అదే షెడ్డులో పగటి డ్యూటీలో వున్నాడు. రెండో మిషను అతని చేతికే ఇచ్చారు. మూడో నంబరు టూలు పొడవు అతను తెరమీదే కాక, కాగితం మీద రాసి మిషను తలుపుకు అంటించి వుంచుతున్నాడు. ఏ రోజు ఎవరు మార్చారో పక్కన సంతకం చేయించుకుంటున్నాడు.